తెల్ల చీటీలు

మెదాన్, జనవరి

బాపక్ లెగిమాన్ గారికి,

తియుర్మా సిహొతాంగ్ నమస్కారాలు. నేనెవరో మరిచిపోయి ఉంటే గుర్తు చేస్తాను. జకార్తా ఆఫీసులో మీ పక్క కుర్చీలో కూర్చుని మీ సొరుగులో వేరుశనక్కాయలన్నీ తినేసిన బాతక్ పిల్లని. ఇప్పుడు పిల్లనేమీ కాదు, నలభై దాటాయి.

ఫోను చేద్దామంటే మీకు వినపడదన్నారు. మెసేజీ పెడదామంటే కళ్ళ ఆపరేషన్ తర్వాత ఆ చిన్న తెర మీకు పడటం లేదన్నారు. అందుకే ఉత్తరం. చేత్తో రాసి చాలా కాలమైంది, నా దస్తూరీ చూసి నవ్వకండి.

విషయం ఏమిటంటే, మన తిలిక్ సంస్థ పాత డేటాబేస్‌ని వదిలేసి కొత్తదానికి మారుతోంది. ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ళ పేర్లు ఏరి, ఎవరింటికి ఎవరు పలకరింపుకి వెళ్ళాలో చీటీలు అచ్చు వేసే క్వెరీలన్నీ మీరు రాసినవే కదా. వాటిని పాత భాషలోంచి కొత్త భాషలోకి మార్చే పని నా నెత్తిన పడింది. రెండు భాషలూ అక్కచెల్లెళ్ళే. సగం లైన్లు ముట్టుకోకుండానే నడుస్తున్నాయి.

మీ కోడ్ చదువుతుంటే మీరు పక్కనే కూర్చుని గొణుగుతున్నట్టు ఉంది. ఒకచోట "ఈ లైను మార్చేవాళ్ళు ముందు నాకు కాఫీ పోయించాలి" అని రాసి పెట్టారు. మార్చాను. కాఫీ మెదాన్ వస్తే పోయిస్తాను.

ఒక్క అనుమానం. మనిషి చనిపోతే మీ క్వెరీ ఏమీ చెప్పదు. చీటీ రావడం ఆగిపోతుంది, అంతే. వెళ్ళే అమ్మాయిలకి "ఈయన పోయారు" అని ఒక ముక్క అచ్చు వేసి చెప్పొచ్చు కదా?

మీ
తియుర్మా


వొనొసొబో, ఫిబ్రవరి

అమ్మాయి తియుర్మాకి,

నీ ఉత్తరం తడిసి ముద్దయి వచ్చింది. ఇక్కడ వాన ఆగితే మబ్బు కిందికి దిగి ఇంట్లోకి వస్తుంది. తీగ మీద బట్టలు వారమైనా ఆరవు. వేరుశనక్కాయలు తిన్నది నువ్వా? నేను ఇన్నాళ్ళూ పాపం ఎలకల్ని అనుమానించాను.

నీ అనుమానానికి జవాబు. మొదట్లో అచ్చు వేసేవాళ్ళం. ఒక అమ్మాయి అరటిపళ్ళు కొనుక్కుని చీటీ తీసుకోవడానికి వచ్చి, ఆ మాట చదివి, పళ్ళు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ పనికి రాలేదు. అప్పుడు తీసేశాను. చీటీ రాకపోతే వాళ్ళకే అర్థమవుతుంది. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఎవరికి తోచిన ప్రార్థన వాళ్ళు చేసుకుంటారు. చీటీ లేనిదే ఎవరి ఇంటికీ వెళ్ళకూడదన్న రూలు కూడా అందుకే పెట్టించాను. పోయినవాళ్ళ గుమ్మంలో నిలబడి "తాతగారు ఉన్నారా" అని అడగడం ఇద్దరికీ కష్టమే.

మా ఆవిడ పోయాక జకార్తా ఇల్లు ఖాళీ చేసి ఆవిడ పుట్టిన ఊరికి వచ్చేశాను. ఊరు ఆవిడది, ఇల్లు ఆవిడది, నాకు మాత్రం అందరూ కొత్తే. మోకాళ్ళ వల్ల కొండ దిగి సంతకి వెళ్ళను. అలాగని జాలిపడకు. మా ఆవిడ మేనకోడలు నింగ్రుమ్ అని ఉంది. ప్రతి లెగి సంత రోజూ తెమంగుంగ్ నుంచి బస్సులో వచ్చి, అప్పడాలు అమ్ముకుని, కొండెక్కి నా దగ్గరికి వస్తుంది. నా కుడి చెవి దగ్గర కూర్చుని ఊరంతా వినపడేలా అరుస్తుంది. "తాతా, టీలో చక్కెర ఎన్ని చెంచాలు వేశారు? నిజం చెప్పండి." ఒకటే అంటాను. డబ్బా మూత తీసి చూసి, "చీమలు కూడా మిమ్మల్ని చూసి సిగ్గుపడుతున్నాయి" అంటుంది. లెగి అంటే ఐదు రోజులకోసారి కదా, అప్పుడొక గంట. చాలు నాకు.

పని సంగతి ఒకటి చెబుతాను. వేరుగా కనిపించే లైను దగ్గర ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారు. రెండు భాషల్లోనూ ఒకేలా ఉన్న లైను దగ్గర కాస్త ఆగు.

లెగిమాన్


మెదాన్, మార్చి

బాపక్ గారికి,

అయిపోయింది. వచ్చే నెల మొదటి నుంచి చీటీలన్నీ కొత్త డేటాబేస్ నుంచే. మీ ఒక్కరికే చెబుతున్నాను, ఆఫీసులో చెబితే పని లేదనుకుని ఇంకోటి అంటగడతారు.

పరీక్షకి అసలువాళ్ళ వివరాలు వాడకూడదన్నారు. పేర్లు కల్పించమన్నారు. నేనెందుకు కల్పిస్తాను, మా వంశమే ఉంది కదా. సిహొతాంగ్‌లు, మా అమ్మ తరఫు మనాలులు, వదిన తరఫు సిరెగార్‌లు, అందరినీ ఎక్కించాను. ఏడాదికోసారైనా ఫోను చెయ్యని మా అన్నయ్యని తొంభై రెండేళ్ళ ముసలాణ్ణి చేసి, సమోసిర్ దీవిలో ఒంటరిగా కూర్చోబెట్టాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అందరి చీటీలూ ముత్యాల్లా అచ్చయ్యాయి. అసలువాళ్ళ జాబితా మీద లెక్క ఒక్కటే చూడనిచ్చారు, పాత క్వెరీలో ఎంతమంది వచ్చారో కొత్తదానిలోనూ అంతమందే వచ్చారు.

మీ నింగ్రుమ్ గురించి చదివి ఈర్ష్యపడ్డాను. నాకు చక్కెర లెక్క అడిగేవాళ్ళు లేరు. ఆదివారం చర్చి అయ్యాక ఒకే హోటల్లో ఒకే మూల బల్ల దగ్గర చేప కూర తింటాను. ఆ హోటలావిడ నేను కూర్చోగానే ఎదుటి కుర్చీ తీసి పక్క బల్లకి వేసేస్తుంది. తప్పేం లేదు, అక్కడ అవసరమే.

తియుర్మా


వొనొసొబో, మే

తియుర్మాకి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాయడానికి ఏమీ లేక రాయలేదు.

నింగ్రుమ్ రావడం మానేసింది. మొదటి లెగి నాడు బస్సు దొరకలేదేమో అనుకున్నాను. తర్వాతి లెగికి జ్వరమేమో అనుకున్నాను. ఇప్పుడేమీ అనుకోవడం లేదు. లెగి నాడు మాత్రం రెండు కప్పులు కడిగి పెడుతున్నాను, అలవాటు.

చివరిసారి వచ్చినప్పుడు మాత్రలు మింగారా అని అడిగింది. మింగలేదు. ఆ చిరాకులో "నువ్వేమైనా నా పెళ్ళానివా అడగడానికి?" అన్నాను. తను నవ్వింది కానీ సంచీ తొందరగా సర్దుకుంది. నా నోరు నీకు తెలిసిందే. పక్కన కూర్చున్నన్నాళ్ళూ నువ్వెలా భరించావో.

కొత్త డేటాబేస్ బాగా నడుస్తోందా?

లెగిమాన్


మెదాన్, జూన్

బాపక్ గారికి,

బ్రహ్మాండంగా నడుస్తోంది. ఒక్క ఫిర్యాదు లేదు. డైరెక్టరు నన్ను అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించారు.

నింగ్రుమ్ గురించి మనసు కష్టపెట్టుకోకండి. వయసులో ఉన్న పిల్లలు అంతే బాపక్. పెళ్ళి సంబంధం వచ్చి ఉంటుంది, లేకపోతే ఇంకో సంతలో బేరం బాగుండి ఉంటుంది. ముసలివాళ్ళ దగ్గర ఎన్నాళ్ళని కూర్చుంటారు? మీరే వదిలెయ్యండి.

మొన్న మా పెదనాన్న మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. మా పెళ్ళిళ్ళలో ఎవరు ఎటు కూర్చోవాలో వంశం చెబుతుంది. పెళ్ళికూతుళ్ళనిచ్చినవాళ్ళు ఇటు, తెచ్చుకున్నవాళ్ళు అటు. పెళ్ళి కాని నలభయ్యేళ్ళ ఆడమనిషి ఎటు కూర్చోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. "నువ్వు వంట దగ్గర చూసుకోమ్మా" అన్నారు. చూసుకున్నాను.

ఉత్తరం రాస్తూ ఉండండి. మీరు రాసేవే నా పేరుకి వచ్చే ఉత్తరాలు. మిగతావన్నీ కరెంటు బిల్లులు.

తియుర్మా


వొనొసొబో, జూలై

తియుర్మాకి,

ఇక్కడ చలి ముదిరింది. పైన దియెంగ్‌లో తెల్లవారేసరికి బంగాళాదుంప ఆకుల మీద మంచు పేరుకుంటోందట.

నువ్వన్నది నిజమే. ముసలివాళ్ళ దగ్గర ఎన్నాళ్ళని కూర్చుంటారు. కాబట్టి నువ్వు కూడా కష్టపడి రాయనక్కర్లేదు. పోస్టతను నా ఒక్కడి కోసం కొండెక్కాల్సి వస్తోంది, అతనికీ మోకాళ్ళున్నాయి.

లెగిమాన్


మెదాన్, జూలై

బాపక్ గారికి,

మీ ఉత్తరం చదివాను. సరే. రాయొద్దంటే రాయను.

పోస్టతని మోకాళ్ళ మీద ఉన్న దయలో కొంచెం నా మీద ఉంచితే బాగుండేది.

తియుర్మా


వొనొసొబో, ఆగస్టు

అమ్మాయి తియుర్మాకి,

కోపం పక్కన పెట్టి ఇది చదువు. ఇది పని ఉత్తరం.

మా వీధి చివర జుమిరా అనే ఆవిడ ఉంది. నాకంటే పెద్దది, ఒంటరిది, చక్కెర జబ్బు. వారానికోసారి తిలిక్ నుంచి ఒక అమ్మాయి వచ్చి కాళ్ళు చూసి పుండు ఉంటే కట్టు కట్టేదట. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంటే మొన్న పలకరించాను. నా అంతట నేను పలకరించడం ఈ ఊళ్ళో అదే మొదలు. "ఆ అమ్మాయి ఎప్పటి నుంచో రావటం లేదయ్యా. నా కాలు కంపు కొడుతోందని మానేసిందేమో, ఎవరికి మాత్రం ఓపిక" అంది. కాలు చూశాను. బొటనవేలు నల్లబడింది. క్యాబేజీ లారీ ఆపి ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. వేలు తీసేశారు. కాలు దక్కింది.

అదే వీధిలో రిటైరైన హెడ్మాస్టరు హాది ప్రయిత్నో ఉన్నారు. ఆయనకీ చక్కెర జబ్బే. ఆయన దగ్గరికి మాత్రం తిలిక్ మనిషి ఠంచనుగా వస్తోంది.

ఎందుకు? అరుగు మీద కూర్చుని ఆలోచించాను. మోకాళ్ళు తిట్టుకుంటున్నా పక్క వీధులకి కూడా వెళ్ళి అడిగాను. పైజోకి రావటం లేదు. కర్సినెమ్‌కి రావటం లేదు. బుడి హర్తోనోకి వస్తోంది. సితి మర్యతున్‌కి వస్తోంది. జబ్బు చూశాను, వయసు చూశాను, వీధి చూశాను, ఏదీ కలవలేదు. చివరికి పేర్లే వరసగా పైకి చదువుకున్నాను. రానివాళ్ళందరికీ ఒక్కటే మాట పేరు.

మీ బాతక్‌లలో వంశం పేరు లేని మనిషి ఉండడు. మా జావా పాతకాలం వాళ్ళకి తల్లిదండ్రులు ఒక్క పేరు పెట్టి ఊరుకున్నారు. కంప్యూటర్లో రెండో పేరు గడి మాకు ఖాళీ. అంటే డేటాబేస్ లెక్కలో "తెలియదు".

నేను రాసిన చోట మొదటి పేరు, రెండో పేరు, చిరునామా కలిపి ఒకే వరసగా చేశాను. పాత భాషలో తెలిసినదానికి తెలియనిదాన్ని కలిపితే తెలిసింది మిగులుతుంది. కొత్త భాష అలా కాదు. ఒక్క ముక్క తెలియకపోయినా మొత్తం తెలియదంటుంది. కలిపే గుర్తు రెండింటిలోనూ ఒకటే. అందుకే నీ కళ్ళకి ఆనలేదు. మీ అన్నయ్యని సమోసిర్‌లో కూర్చోబెట్టినప్పుడు ఒక్క పైజోని కూడా పక్కన కూర్చోబెట్టి ఉండాల్సింది.

వెంటనే చూడు. ఈ చలికి వీళ్ళు ఆగలేరు.

లెగిమాన్


మెదాన్, ఆగస్టు

బాపక్ గారికి,

మీరు చెప్పింది చెప్పినట్టే ఉంది. ఉత్తరం చేతికి రాగానే సరిచేశాను. డైరెక్టరు దగ్గరికి నేనే వెళ్ళి తప్పు నాదని చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు.

ఆ తేడా నాకు తెలియనిది కాదు. ఇంటి నంబరు లేనివాళ్ళ కోసం ఆ క్వెరీలోనే జాగ్రత్తపడ్డాను. పేరు దగ్గర పడలేదు. మనిషికి రెండో పేరు ఉండకపోవడమేమిటని నా బుర్రలో ఎక్కడో ఉండి ఉంటుంది. మీ పక్కన అన్నేళ్ళు కూర్చుని, మీ బల్ల మీద ఒక్క మాట పేరు చూస్తూ కూడా.

మీ వైపు ఆఫీసులకి ఫోను చేసి అడిగాను. చీటీలు వెళ్ళాయి బాపక్. తెల్లగా వెళ్ళాయి. పేరూ ఊరూ లేని కాగితాలు మధ్యమధ్యలో వస్తుంటే, "కొత్త యంత్రం, కాగితం రెండేసి లాగుతోంది మేడమ్, చించి పారేస్తున్నాం" అన్నారు. రెండూ సరిపోయాయని నేను మురిసిపోయిన లెక్కలో ఆ తెల్ల కాగితాలు కూడా ఉన్నాయి. వెళ్ళే అమ్మాయిలకి తలా ఒకరో ఇద్దరో తగ్గారు. ముసలివాళ్ళు కదా, పోయి ఉంటారనుకున్నారట. మీ రూలు ప్రకారం ఎవరూ అడగలేదు.

తప్పిపోయిన వాళ్ళందరినీ ఒకచోటికి తెచ్చి చదివాను. జుమిరా. కర్సినెమ్. పైజో. ఆ కింద ఇంకో పేరు.

లెగిమాన్. వొనొసొబో. ఇంట్లో ఉండేవారు: ఎవరూ లేరు. వెళ్ళవలసినవారు: నింగ్రుమ్ సెత్యోవతి, ప్రతి లెగి. సూచన: కుడి చెవి దగ్గర మాట్లాడాలి.

మేనకోడలు మిమ్మల్ని "తాతా" అని పిలవడమేమిటని ఫిబ్రవరిలోనే అడగాల్సింది. అప్పుడడిగి ఉంటే మీరు చెప్పేవారా? మీరు రాసిన క్వెరీలోకి మీరే ఒక వరసగా ఎక్కాల్సి వచ్చిందని నాకు చెప్పడానికి సిగ్గుపడ్డారు. నేను నవ్వుతాననుకున్నారా? నేను కూడా ఎక్కాల్సినదాన్నే, వయసు చాలదు కాబట్టి ఆగాను.

మొన్నటి ఉత్తరంలో జుమిరా గారి వేలు గురించి రాశారు, పైజో గురించి రాశారు, మీ గురించి ఒక్క ముక్క రాయలేదు. నన్ను బాధపెట్టకూడదని. నేనేమో మీకు ఉత్తరాలు రాస్తూనే మీ తలుపు మూసేశాను. పైగా "పిల్లలు అంతే" అని రాశాను. ఆ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు. మీ నోరు కూడా ఏ తప్పూ చెయ్యలేదు. ఇది మీకు తెలియాలనే ఈ ఉత్తరం.

జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

తియుర్మా


వొనొసొబో, సెప్టెంబరు

అమ్మాయి తియుర్మాకి,

నిన్న లెగి. నింగ్రుమ్ వచ్చింది.

నేను అరుగు మీద ఉన్నాను. చేతిలో చీటీ పట్టుకుని గేటు దగ్గర నిలబడిపోయింది. లోపలికి రాదు, వెనక్కి పోదు. నాకు వినపడదు కదా, ఏదో అంటోంది, పెదాలు కదులుతున్నాయి. చివరికి నేనే లేచి వెళ్ళి కుడి చెవి చూపించాను. అప్పుడు ఆ చెవి పట్టుకుని ఏడ్చింది.

"తాతా, మీకు నలభయ్యో రోజు కూడా చేసేశానే" అంది.

నాకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి అడిగాను. ఏప్రిల్లో చీటీ రాని మొదటి లెగి నాడే నేను పోయానని లెక్క వేసుకుందట. రూలు ప్రకారం ఎవరినీ అడగలేదు. తెమంగుంగ్‌లో తన అద్దె గదిలో చాప పరిచి, చుట్టుపక్కలవాళ్ళని పిలిచి, మూడో రోజు, ఏడో రోజు, నలభయ్యో రోజు ప్రార్థన చదివించి, అన్నం పొట్లాలు కట్టి పంచిందట. అప్పడాలు అమ్మి బతికే పిల్ల. "పోయింది ఎవరమ్మా?" అని వాళ్ళు అడిగితే "మా తాత" అందట.

"ఏం వండావు?" అన్నాను.

"కోడి పులుసు, టెంపే వేపుడు, గుడ్లు."

"ఉప్పు సరిపోయిందా?"

"ఎక్కువైంది. అందరూ తిన్నారు గానీ."

తియుర్మా, మా ఆవిడ పోయినప్పుడు ఆవిడకి అన్నీ నేను చేశాను. ఆవిడ వైపు చుట్టాలు వచ్చి భోంచేసి వెళ్ళాక, గిన్నెలు కడుగుతూ, నాకు ఎవరు చేస్తారా అనుకున్నాను. పిల్లలు లేరు. అన్నదమ్ములు లేరు. అప్పటి నుంచి రోజూ ఏదో ఒక వేళ ఆ ఆలోచన వచ్చి కూర్చునేది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడా బెంగ లేదు. అయిపోయింది. చేసేశారు. నేను ఇక్కడ రెండు కప్పులు కడిగి పెట్టుకుని, నా మాటకి కోపమొచ్చి మానేసిందని కూర్చున్న రోజుల్లోనే, అక్కడ ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు నా పేరు చెప్పుకుని అన్నం తిన్నారు.

చక్కెర గురించి తను అడగలేదు. నేనే చెప్పాను, రెండు చెంచాలని. తను వెళ్ళాక ఇల్లు ఎప్పటిలాగే అయింది. చాలాసేపు కప్పులు కడగబుద్ధి కాలేదు.

నీకు రెండు పనులు చెబుతాను. ఒకటి, నేను పెట్టిన ఆ రూలు తీసెయ్యి. చీటీ రాకపోతే వెళ్ళి ఒకసారి తలుపు కొట్టి చూడాలి. ఇది క్వెరీలో రాసే మాట కాదని నాకూ తెలుసు. వెళ్ళే అమ్మాయిలకి నోటితో చెప్పించు.

రెండోది, నెలకో ఉత్తరం రాయి. నువ్వు రాయకపోతే పోయావనుకుని నలభయ్యో రోజు నేనే చేసేస్తాను. మీ మతం వేరని ఆగను. మా వీధివాళ్ళందరినీ పిలిచి నీ పేరు చెప్పి నా చేత్తో వండి పెడతాను. నా వంట సంగతి నింగ్రుమ్‌ని అడుగు. అంతమందిని బాధపెట్టకు.

ఆ హోటలావిడకి చెప్పు, ఎదుటి కుర్చీ తీయొద్దని. ఒక ముసలాయన కాఫీకి వస్తానన్నాడని చెప్పు. మోకాళ్ళు ఎప్పటికి ఒప్పుకుంటాయో తెలియదు. కుర్చీ మాత్రం ఉండనీ.

లెగిమాన్